మబ్బు పట్టిన బొమ్మలు

పదహారు రోజులకోసారి
మా పూపో సరస్సు మీదుగా ఒక కన్ను పోతుంది.
దానికి రెప్ప లేదు, తడి లేదు.
ఏడువందల కిలోమీటర్ల పైనుంచి
చూసింది చూసినట్టు మూటగట్టి
తన దారిన తాను పోతుంది.

ఒరూరోలో, గనుల ఆఫీసు పక్క మేడ మీద,
కిటికీ మూసినా ఉప్పుదుమ్ము దూరే గదిలో
ఆ మూటలు విప్పడం నా కొలువు.
మొన్నటి బొమ్మ మీద నిన్నటి బొమ్మ పరిచి
ఎంత పోయిందో లెక్కగట్టాలి.
ఎవరు పట్టుకుపోయారన్నది నా లెక్కలోకి రాదు.

ఎనభై ఆరు, మే: తెర నిండా నలుపు.
మా బొమ్మల్లో నీళ్ళు నల్లగా ఉంటాయి, గడ్డి ఎర్రగా.
మొదట్లో తికమక, తర్వాత అలవాటు.
తొంభై అయిదు: నలుపు కుంచించుకుపోయి నడుమ ఒక మరక.
ఆ తర్వాత మళ్ళీ నిండింది, మనం మోసపోయేంతగా.
పదహారు, జనవరి: తెలుపు.
గీకి గీకి తిన్న గిన్నె అడుగు లాంటి తెలుపు.

సిప్రియానో తాత కంటి ఆపరేషనుకని పట్నం వచ్చాడు.
ఒక కంటికి కట్టు. రెండో కన్ను తెరకి ఆనించి
"మనిల్లేదీ?" అన్నాడు.
"ఇక్కడొక చుక్కంటే ముప్పై మీటర్లు తాతా.
ఇల్లూ, పెరడూ, గొర్రెల దొడ్డీ,
అవ్వని పాతిపెట్టిన చోటూ
అన్నీ కలిసి ఒకటే చుక్క."
తాత నవ్వాడు:
"అయితే మీ అవ్వ ఇంకా ఇంట్లోనే ఉందన్నమాట."

నీటిమనుషులం అని మా జాతి పేరు.
ఇప్పుడు మా మామలు పరాయి చేలల్లో కినోవా కోస్తున్నారు.
బోర్లించిన పడవ కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.
చేపల మీద ఆశకి ఎప్పుడో నీళ్ళొదులుకున్నాం.
వదులుకోవడానికి ఆ దోసెడు నీళ్ళు
ఎక్కణ్ణుంచి తెచ్చామో గుర్తులేదు.

తాత వేలు తెర మీద తేదీల వెంట నడిచింది. ఆగింది.
"నవంబరు తర్వాత ఏకంగా ఏప్రిలేంటే?
ఏ ఏడు చూసినా అంతే,
ఒక్క ఈ పదహారు జనవరి తప్ప."
"మబ్బు తాతా. మబ్బు పడితే కింద నేల కనపడదు.
అలాంటివి మిషనే ఏరి పక్కన పడేస్తుంది.
పనికిరానివి."

తాత కాసేపు మాట్లాడలేదు.
కట్టు కింద దురదేమో, వేలితో సర్దుకున్నాడు.
"మబ్బు పట్టిన రోజులు పనికిరానివా?
ఏటా ఆ నాలుగు నెలల కోసమే కదే
మిగతా ఎనిమిది నెలలూ బతికింది."

పారేసినవి తీయమన్నాడు. తీశాను. మూడువందల పన్నెండు.
నాకు అన్నీ ఒకటే తెలుపు.
పొద్దుగుంకేదాకా ఒక్కొక్కటే చూశాడు.
"ఇది ఉత్తరాది మబ్బు, ఉరుములే గాని చినుకు రాల్చదు.
ఇది మీ తమ్ముడు పుట్టిన వారం, పడవలో మోకాలిలోతు వాన.
ఇది మాత్రం మోసకారి,
మన నెత్తిమీద మూడురోజులు నిలబడి
పోయి ఉప్పుటెడారిలో కురిసింది.
ఇది చూడు, ఫ్లెమింగోలన్నీ ఒక్కసారి లేచిన రోజు."
నిజమా అని నేను అడగలేదు.
తేదీలు సరిచూద్దామని కాగితం తీశాను,
మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

నివేదికలో ఇప్పటికీ రాస్తాను:
పనికొచ్చినవి ఇన్ని, పనికిరానివి ఇన్ని.
రెండో అంకె దగ్గర చెయ్యి కాస్త ఆగుతుంది, అంతే.

బస్సెక్కే ముందు ఒక బొమ్మ అచ్చు వేసివ్వమన్నాడు.
ఎనభై ఆరుది, నిండు సరస్సుది తీశాను.
"అది నాకు తెలుసులే" అని
అంచు నుంచి అంచుదాకా తెల్లగా ఉన్నది ఏరుకున్నాడు.

పడవ పక్క గోడకి మేకు కొట్టి తగిలించాడట.
ఖాళీ కాగితమెందుకని అడిగినవాళ్ళకి
"వస్తోంది" అంటాడట.